వంద అడుగుల రోడ్డు, రాని బస్సు

స్థలం కాగితాలు పట్టుకుని మా ఆఫీసుకు వచ్చే ప్రతి మనిషీ కుర్చీలో కూర్చోకముందే అడిగే ప్రశ్న ఒకటే: "ఎన్ని అంతస్తులు వస్తాయి?" నేను తిరిగి అడిగేదీ ఒకటే: "మీ ముందు రోడ్డు ఎంత?" పంజాగుట్టలో ఒక ఆర్కిటెక్టు దగ్గర డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరినప్పుడు ట్రేసింగ్ పేపరు మీద ఇంకు పెన్నుతో గీసేవాళ్లం. ఇప్పుడు కంప్యూటర్‌లో గీసి, అక్కడి నుంచే అనుమతికి పంపిస్తున్నాం. పని తీరు మారింది కానీ ఆ రెండు ప్రశ్నలు మారలేదు. హైదరాబాద్‌లో భవనం ఎత్తు తేలేది వాటి దగ్గరే.

ఈ పద్ధతికి మూలం 2006 నాటి జీవో 86. అప్పటిదాకా ఇక్కడ కూడా మిగతా నగరాల్లాగే ఎఫ్‌ఎస్‌ఐ ఉండేది. అంటే స్థలం విస్తీర్ణానికి ఇన్ని రెట్లకు మించి కట్టకూడదన్న లెక్క. ఆ జీవోతో అది పోయింది. ముందు రోడ్డు ఎంత వెడల్పు, చుట్టూ ఎంత ఖాళీ వదిలారు అన్నవే మిగిలాయి. 2012లో వచ్చిన జీవో 168 దీన్నే ఒక పట్టికగా స్థిరపరిచింది. ఆ పట్టిక నాకు కంఠతా వచ్చు. నలభై అడుగుల రోడ్డుంటే 24 మీటర్ల ఎత్తు వరకు, అరవై అడుగులుంటే 30 మీటర్ల వరకు, ఎనభై అడుగులుంటే 45 మీటర్ల వరకు. వంద అడుగులు, అంటే 30 మీటర్ల రోడ్డు ఉందనుకోండి, ఇక ఆకాశమే హద్దు. 55 మీటర్ల ఎత్తుకు చుట్టూ 16 మీటర్లు వదలాలి. ఆపైన ఎత్తు పెరిగే కొద్దీ ఇంకొంత వదులుతూ పోతే చాలు.

నన్నడిగితే ఇది మరీ చెడ్డ నిబంధన ఏమీ కాదు. ఎఫ్‌ఎస్‌ఐని గట్టిగా బిగించిన ముంబైలో ఇల్లు సామాన్యుడికి ఎంత దూరమైందో చూశాం. ఇక్కడ పది, పదిహేనేళ్ల పాటు జీతగాళ్లు అప్పు చేసైనా సొంత ఫ్లాటు కొనుక్కోగలిగారంటే, కట్టడానికి పెద్దగా అడ్డు లేకపోవడం కూడా ఒక కారణం. మా ఆఫీసుకు పని దొరికిందీ అందువల్లే. ఆ ఉప్పు తిన్న మాట దాచను.

నా పేచీ కొలతతో. రోడ్డును కొలిచేది స్థలం ముందు. ఆ రోడ్డు ఎక్కడి నుంచి వస్తోంది, ఎక్కడికి పోతోంది, అర కిలోమీటరు అవతల ఏమవుతోంది అన్నది మా డ్రాయింగులో ఉండదు. స్థలం ముందు వంద అడుగులుండి, పాత ఊరి మధ్యకు రాగానే వేపచెట్టుకూ కిరాణా కొట్టుకూ మధ్య ముప్పై అడుగులకు కుంచించుకుపోయే రోడ్ల మీద నలభై అంతస్తుల భవనాలకు సైట్ ప్లాన్లు గీశాను. కడుపు సంగతి చూడకుండా నోటి వెడల్పు కొలిచి వడ్డించినట్టు ఉంటుంది ఈ వ్యవహారం.

పెద్ద భవనానికి ఎన్ని చోట్ల తలుపు తట్టాలో తెలియనివాళ్లకు చెబుతాను. అగ్నిమాపక శాఖ అనుమతి కావాలి. ఎత్తు విషయంలో విమానాశ్రయాల వాళ్లు అభ్యంతరం లేదనాలి. నిర్మాణం 20,000 చదరపు మీటర్లు దాటితే పర్యావరణ అనుమతి. నీళ్లకు, మురుగుకు, కరెంటుకు వేరువేరు కాగితాలు. కట్టిన విస్తీర్ణంలో 10 శాతం అనుమతిచ్చే సంస్థకు తనఖా పెట్టాలి, భవనంలో ఉండొచ్చని చెప్పే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే దాన్ని విడిపించుకోవాలి. ఇన్ని దస్త్రాలు సర్దిన నన్ను, "ఈ రెండువేల కుటుంబాలు పొద్దున ఎలా బయటికి వెళ్తాయి? ఏ బస్సు ఎక్కుతాయి? దాని స్టాపు ఎక్కడ?" అని ఏ ఫైల్లోనూ ఎవరూ అడగలేదు. కారు ఎక్కడ పెడతారని మాత్రం తప్పకుండా అడుగుతారు. నగరంలో అపార్ట్‌మెంట్లకు కట్టిన విస్తీర్ణంలో 30 శాతానికి సమానమైన పార్కింగ్ చూపించాలి. స్తంభానికీ స్తంభానికీ మధ్య మూడు కార్లు ఎలా ఇరికించాలన్నది మా వృత్తిలో ఒక విద్య. ప్రభుత్వమే ముందుగా కారుకు గది కట్టించి, ఆ తర్వాత ట్రాఫిక్ పెరిగిందని ఫ్లైఓవర్ కడుతుంది. ఇందులో వింతేముంది?

నా సంగతి చెప్పాలి. నేను ఉండేది అమీన్‌పూర్ వైపు. ఒకప్పటి పంచాయతీ లేఔట్. రోడ్లు పేరుకు ముప్పై అడుగులు. ఎవరి ముందు వారు మెట్లూ ర్యాంపులూ పూలకుండీలూ పెట్టుకోగా మిగిలింది ఇరవై. పెద్ద చెరువు దగ్గర. ఆ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు వచ్చింది, శీతాకాలంలో కొంగలూ బాతులూ బాగానే వస్తాయి. వాటికి బస్సుతో పని లేదు కాబట్టి సుఖంగా ఉన్నాయి. మేము మాత్రం కాలనీ మలుపు దాకా నడిచి, షేర్ ఆటోలో డ్రైవరు పక్కన ఒక తొడ లోపల ఒక తొడ బయట పెట్టుకుని జాతీయ రహదారి చేరుకుని, అక్కడి నుంచి మరో ఆటోనో బస్సో పట్టుకుని మియాపూర్ వెళ్లాలి. మియాపూర్‌లో మెట్రో ఎక్కాక పంజాగుట్ట చేరడం హాయి. ఏసీ, సమయానికి రైలు, కిటికీలోంచి ఎర్రగడ్డ. రైలెక్కే లోపే మనిషి సగం అలసిపోతాడు. మెట్రో టికెట్ ధర గురించి గొడవ పడేవాళ్లు ఆ ముందు ఆటోలకు అయ్యే ఖర్చు కూడా కలిపి చూడాలి. మా ఇంట్లో ఆ లెక్క రాసేది నా భార్య. నెలాఖరుకు పాలవాడి బిల్లు కంటే ఆటో బిల్లే ఎక్కువని తేల్చింది.

మా లేఔట్‌కు మొదట్లో సరైన అనుమతి లేదు. నగరం చుట్టూ ఇలాంటివి కోకొల్లలు. 2020 ఆగస్టు 31న ప్రభుత్వం ఇలాంటి లేఔట్లను క్రమబద్ధీకరించే ఎల్‌ఆర్‌ఎస్ పథకం ప్రకటించినప్పుడు రాష్ట్రవ్యాప్తంగా దాదాపు 25 లక్షల దరఖాస్తులు పడ్డాయి. వెయ్యి రూపాయలు కట్టి నేనూ వేశాను. ఆ ఫైళ్లు ఏళ్ల తరబడి అలాగే ఉండి, 2025లో 25 శాతం రాయితీ ప్రకటించాక కదిలాయి. లేఔట్‌లో పార్కుకు స్థలం వదలలేదు కాబట్టి ప్లాటు విలువలో 14 శాతం అదనంగా కట్టాం. అంటే లేని పార్కుకు డబ్బు కట్టి ప్లాటును సక్రమం చేయించుకున్నాం. సరే, కాగితం చేతికొచ్చింది, బ్యాంకు అప్పు ఇస్తుంది, సంతోషం. కానీ ఆ కాగితంతో రోడ్డు ఒక్క అడుగు కూడా పెరగలేదు. మా వీధి మలుపులో పన్నెండు మీటర్ల బస్సు తిరగలేదు. క్రమబద్ధీకరణ అంటే స్థలానికి మాత్రమేనా, అక్కడ బతికే మనుషుల రాకపోకలకు కాదా అన్న అనుమానం నాకు ఆ రోజు నుంచీ ఉంది.

అలాగని నగరానికి రవాణా ఆలోచన ఎప్పుడూ లేదనలేం. 2003లో ఎంఎంటీఎస్ లోకల్ రైలు వచ్చింది. 2017 నవంబరు 28న మియాపూర్ నుంచి నాగోల్ దాకా మెట్రో మొదలైంది, 2020 ఫిబ్రవరి నాటికి మూడు మార్గాల్లో 69 కిలోమీటర్లు నడిచాయి. పాతబస్తీకి వెళ్లాల్సిన ముక్క మాత్రం ఎంజీబీఎస్ బస్టాండు దగ్గరే ఆగిపోయింది. అత్యంత ఇరుకైన వీధులున్న, రైలు అందరికంటే ముందు అవసరమైన ప్రాంతమది. 158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డు మాత్రం పూర్తయింది. దాన్ని 2023లో 30 ఏళ్లకు లీజుకిచ్చి 7,380 కోట్లు తెచ్చుకున్నారు కూడా. నా డ్రాయింగ్ బల్ల మీద ఈ రెంటి ప్రభావం చూస్తే తేడా తెలుస్తుంది. మెట్రో స్టేషన్ల పక్కన పాత రెండంతస్తుల ఇళ్లు ఇంకా చాలాచోట్ల అలాగే ఉన్నాయి. ముందు రోడ్డు చాలదు, స్థలాలు చిన్నవి, వారసులు నలుగురు. టవర్లన్నీ అవుటర్ పక్కన లేస్తున్నాయి, ఎందుకంటే పెద్ద కమతాలూ వెడల్పు రోడ్లూ అక్కడే ఉన్నాయి. పట్టిక ప్రకారం చూస్తే అంతా సక్రమమే. రైలున్న చోట మనుషులు పెరగలేదు, మనుషులు పెరుగుతున్న చోట రైలు లేదు.

కోకాపేట దీనికి పెద్ద ఉదాహరణ. 2023 ఆగస్టు 3న ప్రభుత్వ వేలంలో అక్కడి నియోపోలిస్ లేఔట్‌లో ఒక ప్లాటు ఎకరా 100.75 కోట్లు పలికింది. ఆ ఒక్క రోజే 45 ఎకరాల చిల్లరకు 3,319 కోట్లు వచ్చాయి. 2025లో ఆ రికార్డు కూడా బద్దలైంది. ఎకరాకు వంద కోట్లు పెట్టినవాడు పదంతస్తులు కట్టి ఊరుకుంటాడా? ఊరుకోడు, ఊరుకోవాలని నిబంధన కూడా చెప్పదు. లేఔట్‌లో రోడ్లు విశాలంగానే వేశారు. రాయదుర్గం నుంచి అక్కడికి 11.6 కిలోమీటర్ల మెట్రో మాత్రం 2024 నవంబరులో కేంద్రానికి పంపిన రెండో దశ ప్రతిపాదనలో ఒక వరుస. మొత్తం 76.4 కిలోమీటర్లు, 24,269 కోట్లు. అందులో మా మియాపూర్–పటాన్‌చెరు 13.4 కిలోమీటర్లు కూడా ఉంది, కాబట్టి ఆ ప్రతిపాదన అంటే నాకు ప్రేమే. కానీ వరుస చూడండి. ముందు భూమి వేలం, తర్వాత భవనం అనుమతి, ఆ తర్వాత రైలు ప్రతిపాదన. హైదరాబాద్ నాలుగు దిక్కులా ఇదే వరుస.

ప్రతిపాదన దశలో ఉన్న రైలుకు కూడా ధర ఉంటుందన్నది మరో చిత్రం. మా దగ్గరికి వచ్చే బిల్డర్ల బ్రోషర్లలో రంగుల పటం మీద స్టేషన్ గుర్తు పెట్టేస్తారు. 2022 డిసెంబరు 9న విమానాశ్రయ మెట్రోకు ఒక ప్రభుత్వం శంకుస్థాపన చేసింది. ఏడాది తిరగ్గానే వచ్చిన ప్రభుత్వం ఆ మార్గాన్ని పక్కనపెట్టి మరో మార్గం గీసింది. ఏది మెరుగన్న చర్చ నిపుణులకు వదిలేస్తాను. కానీ ఈలోపు మొదటి పటం చూసి ఫ్లాటు కొన్నవాళ్లున్నారు, రేటు కట్టేశారు, ఈఎంఐ నడుస్తోంది. రాష్ట్రం గీసిన గీత వల్ల భూమి ధర పెరుగుతుంది, ఆ గీత చెరిపేస్తే కొన్నవాడికి ధర వెనక్కి రాదు.

పేదల ఇళ్ల దగ్గర ఈ లోపం ఇంకా గట్టిగా తగులుతుంది. నగర శివారు కొల్లూరులో ప్రభుత్వ పథకం కింద 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు కట్టి 2023 జూన్ 22న ప్రారంభించారు. ఒక్కోటి 560 చదరపు అడుగులు. వృత్తిరీత్యా నేను వాటిని చిన్నచూపు చూడను. గాలీ వెలుతురూ వస్తాయి, లిఫ్టులున్నాయి, ప్లాను తీరుగా ఉంది. మా ఆఫీసు శుభ్రం చేసే అక్కకు అక్కడ లాటరీలో ఇల్లు వచ్చింది. మేమంతా మిఠాయి అడిగాం, తెచ్చింది. కొన్ని నెలల తర్వాత చూస్తే ఆమె ఇంకా బోరబండలో అద్దె గదిలోనే ఉంటోంది.

"ఏమక్కా, మారలేదా?" అని అడిగాను.

"ఇల్లు బంగారంలా ఉంది సార్. ఆదివారం వెళ్లి ఊడ్చి వస్తాను. పొద్దున ఆరింటికి ఎర్రగడ్డలో రెండిళ్ల పని, తొమ్మిదికి మీ ఆఫీసు. అక్కడి నుంచి వస్తే ఆ రెండిళ్లూ పోతాయి. అవి పోతే ఆ ఇంట్లో ఏం తినాలి?"

ఆ ఇల్లు అద్దెకివ్వకూడదు, అమ్మకూడదు. ఆ నిబంధన సరైనదే, లేకపోతే దళారులు మింగేస్తారు. కానీ ఆమెకు ఇప్పుడు రెండిళ్ల ఖర్చు. ఇదే పథకంలో మొదట కట్టింది సికింద్రాబాద్‌లోని ఐడీహెచ్ కాలనీ, 396 ఇళ్లు, 2015లో. అక్కడ ఉన్నవాళ్లకు ఉన్నచోటే కట్టారు. వాళ్ల పని, పిల్లల బడి, చేబదులిచ్చే షావుకారు ఎవరూ మారలేదు. తర్వాత లక్ష ఇళ్ల లక్ష్యం పెట్టుకున్నాక నగరం లోపల అంత స్థలం దొరకదన్నారు. కాబట్టి స్థలమున్న చోటికి వెళ్లారు. సరే వెళ్లనివ్వండి. 15,660 కుటుంబాలంటే ఒక పట్టణం. అంత పట్టణానికి తాళాలు ఇచ్చిన రోజే, పొద్దున నాలుగున్నర నుంచి నగరం లోపలికి ఇన్ని బస్సులు అన్న పట్టిక కూడా ఇవ్వాల్సింది. ఇల్లు కట్టే శాఖ లెక్కలో ఆ ఖర్చు ఉండదు. బస్సు నడిపే సంస్థ లెక్కలో ఆ ఊరు ఉండదు.

2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలయ్యాక మరో విషయం బయటపడింది. మహిళలకు ఉచితం అనగానే బస్సులు కిటకిటలాడాయి. "ఖాళీగా తిరిగేవాళ్లు ఎక్కువయ్యారు" అని వెటకారం చేసినవాళ్లను మా కాలనీలోనే చూశాను. నాకు అర్థమైంది వేరు. అంతమంది ఆడవాళ్లకు బయటికి వెళ్లే పని ఎప్పటి నుంచో ఉంది, చార్జీ అడ్డుపడింది. జీరో టికెట్ చేతిలో పడగానే ఆ అవసరం కళ్లకు కనిపించింది. టికెట్ ఉచితం చేయడం ఒక్క జీవోతో అయిపోయింది. దానికి సరిపడా బస్సులు, డిపోలు, వాటికి నగరం అంచుల్లో స్థలాలు కావాలి, అంటే మళ్లీ భూమి దగ్గరికే వస్తాం. నగరం అంచున డిపోకు స్థలం ఇవ్వడానికి ఇప్పుడు ఎవరికి మనసొప్పుతుంది, వేలంలో ఎకరం అంత పలుకుతుంటే?

ఈ శాఖలన్నిటినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టే ఏర్పాటు లేదా అంటే, ఉంది. 2008లో హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) చట్టం వచ్చినప్పుడే ఏకీకృత మహానగర రవాణా సంస్థకు అందులో చోటు పెట్టారు. రైలు, బస్సు, రోడ్డు, భూవినియోగం అన్నీ కలిపి ఆలోచించాలన్నదే దాని ఉద్దేశం. దేశంలో చాలా నగరాలకంటే ముందే మనం ఆ పని చేశాం. అయితే అది ఉన్నట్టు నాకు తెలిసింది పత్రికల్లో చదివే, పనిలో దాని అవసరం పడి కాదు. ఇన్నేళ్లలో నా ఏ ఫైలూ ఆ బల్ల మీదకు వెళ్లలేదు. 2013లో వచ్చిన 2031 నాటి మహానగర ప్రణాళిక ప్రతి సర్వే నంబరుకూ ఒక రంగు వేసింది. ఇది నివాసం, ఇది పరిరక్షణ, ఇది వ్యవసాయం. రంగు మార్పించుకోవడానికి మా దగ్గరికి వచ్చేవాళ్లు రోజూ ఉంటారు. నివాసమని పసుపు రంగు వేసిన చోట బస్సు ఏ సంవత్సరానికి రావాలో ఆ పటంలో రాసి ఉంటే, రంగు మార్పు అడిగే ప్రతివాడినీ ఆ ప్రశ్న కూడా అడగడం వీలయ్యేది.

ఇప్పుడు 2050 వరకు కొత్త ప్రణాళిక తయారవుతోంది. ముసాయిదా వచ్చాక అభ్యంతరాలు తీసుకుంటారు. ఈసారి ఒక ఉత్తరం రాసి పెట్టుకున్నాను. ఎత్తును రోడ్డు వెడల్పుతో ముడిపెట్టే పట్టికను తీసేయమని అడగలేదు. దానికి ఇంకో గడి చేర్చమన్నాను. 55 మీటర్లు దాటే నివాస భవనానికి, నడిచి వెళ్లగల దూరంలో పొద్దున నుంచి రాత్రి వరకు నడిచే బస్సు మార్గమో రైలు స్టేషనో ఉన్నట్టు చూపించాలి. లేకపోతే అది వచ్చేదాకా ఆ ఎత్తు ఆగాలి. రోడ్డుకు ఇచ్చిన విలువ బస్సుకూ ఇవ్వమని అడగడమే ఇది. లేఔట్‌లో పార్కుకు 10 శాతం వదలమంటున్నట్టే, పెద్ద లేఔట్లలో బస్సు తిరగడానికి, ఆగడానికి చోటు వదిలించాలి. ఎకరంలో పదో వంతు చాలు. మెట్రో స్టేషన్ పక్కన కట్టే అపార్ట్‌మెంట్లకు ఆ 30 శాతం పార్కింగ్ షరతు తగ్గించాలి, కారు లేనివాడు కారు గది ఖర్చు ఎందుకు మోయాలి? పక్కపక్క చిన్న ప్లాట్లవాళ్లు కలిసి కట్టుకుంటామంటే ఆ ప్రాంతంలో అనుమతి సులువు చేయాలి.

ఇక డబ్బు. ఎత్తయిన భవనాల మీద, 15 మీటర్లు దాటిన విస్తీర్ణానికి, ఇంపాక్ట్ ఫీజు వసూలు చేస్తారు. చలాను నింపేది నేనే కాబట్టి ఆ మొత్తాలు నాకు తెలుసు, చిన్నవి కావు. సదుపాయాలకే వాడాలని నిబంధనలో ఉంది. ఏ వార్డులో ఎంత వసూలైంది, అందులో ఎంత బస్సు స్టాపులకు, కాలిబాటలకు వెళ్లింది అన్నది ఏటా ప్రకటించమని అడిగాను. ఆ లెక్క చూసే హక్కు ఫీజు కట్టిన బిల్డరుకు ఎంతుందో, ఆ ఫీజును చదరపు అడుగు ధరలో కలిపి చెల్లించిన ఫ్లాటు యజమానికీ అంతే ఉంది.

ఉత్తరం మా ఆర్కిటెక్టుకు చూపించాను. మనిషి మంచివాడు, రెండుసార్లు చదివాడు. స్టేషన్ల పక్కన పార్కింగ్ తగ్గించమన్న పేరా బాగుందన్నాడు. మొదటి పేరా దగ్గర కళ్లజోడు తీసి, "ఇది మన క్లయింట్లు చదువుతారయ్యా" అన్నాడు. ఆఫీసు పేరు తీసేశాను. పైన అమీన్‌పూర్ ఇంటి చిరునామా వేసి, రెండో ప్రతి తీసుకుని, ఆ అక్క చేత కూడా వేరే ఉత్తరం రాయిస్తున్నాను. కొల్లూరు నుంచి ఎర్రగడ్డకు మొదటి బస్సు నాలుగున్నరకు కావాలని ఆమె రాయమంది, అలాగే రాశాను.